పాత గోలీ సోడా సీసా ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది: ఆరా తీయడం ఎలా

పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, బావి పూడిక తీసేటప్పుడో, అటక మీది గోనెసంచి దులిపేటప్పుడో మెడ దగ్గర నొక్కుకుపోయిన మందపాటి సీసా ఒకటి బయటపడుతుంది. లోపల గోలీ గలగలమంటుంది. పొట్ట మీద సగం అరిగిన అక్షరాలుంటాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు ఇలాంటివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. దొరకగానే చుట్టుపక్కల వాళ్లు అడిగే మొదటి మాట "ఎంత పలుకుతుంది?" అని. ఆ సంగతి పాత సామాన్ల వ్యాపారులకు వదిలేద్దాం. సీసాను ఎవరు చేశారు, ఎవరు నింపి అమ్మారు, అది ఏ కాలానిది అనే మూడు ప్రశ్నలకు జవాబు వెతికే దారి ఇది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. సోడా సీసా మీద ముగ్గురి పేర్లు ఉండే అవకాశం ఉంది: గాజు పోసిన కార్ఖానా, ఆ ఆకారానికి హక్కు (పేటెంట్) సంపాదించినవాడు, అందులో సోడా నింపి అమ్మినవాడు. పొట్ట మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ మూడోవాడి పేరే. సోడా కన్నా సీసా ఖరీదైన వస్తువు కాబట్టి, తాగేసిన సీసా తిరిగి తన కొట్టుకే రావాలని అతను పేరు వేయించుకునేవాడు. అందువల్ల సీసా మీద "సూర్యాపేట" అని ఉన్నంత మాత్రాన సూర్యాపేటలో గాజు కొలిమి ఉండేదని అనుకోకండి. ఆ గాజు యార్క్‌షైర్‌లో పోసిందీ కావచ్చు, జపాన్‌లో పోసిందీ కావచ్చు, ఉత్తరప్రదేశ్‌లో పోసిందీ కావచ్చు. ఈ ముగ్గురినీ కలిపేసి చూడటం వల్లే మన దగ్గర సోడా సీసాల కథల్లో సగం తప్పుదారి పడుతున్నాయి.

ముందు కడగండి, కానీ మెల్లగా

మట్టి పట్టిన సీసాను గోరువెచ్చని సబ్బునీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి. లోపలి మురికికి గుప్పెడు బియ్యం, కొంచెం నీళ్లు పోసి మెల్లగా తిప్పితే చాలు. ఇసుక వేయకండి, గాజు మీద గీతలు పడతాయి. మరుగుదొడ్లు కడిగే ఆమ్లం జోలికి అసలే వెళ్లకండి. మూతి లోపలి గాడిలో పాత రబ్బరు వాషరు ఇంకా మిగిలి ఉంటే అది దెబ్బతింటుంది. ఎండిపోయినా సరే ఆ రబ్బరును పీకి పారేయకండి, అదీ ఒక ఆధారమే. చల్లటి సీసా మీద ఒక్కసారిగా వేడినీళ్లు పోస్తే పగులుతుంది.

ఇంకో హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. సరదాకు కూడా పాత సీసాలో గ్యాసు పట్టించకండి. గోలీ సీసా పనిచేసేదే ఒత్తిడి మీద. సీసాను తలకిందులు చేసి గ్యాసు నింపుతారు, లోపలి ఒత్తిడి గోలీని రబ్బరుకు అదిమి పట్టి మూతగా నిలబెడుతుంది. దశాబ్దాల పాటు దెబ్బలు తిన్న గాజులో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. అది పేలితే గాజు పెంకులు ముఖానికే వస్తాయి. సోడా కార్ఖానాల్లో పనిచేసిన పెద్దవాళ్ల చేతుల మీది మచ్చలు చూస్తే నమ్ముతారు.

అక్షరాలను చదవడం

ఉబ్బెత్తు అక్షరాలు సూటిగా పడే వెలుతురులో కనిపించవు. సీసా వెనుక నల్లగుడ్డ పరిచి, టార్చిలైటును ఒక పక్క నుంచి వాలుగా వేసి ఫోనుతో ఫొటో తీయండి. వెలుతురు దిక్కు మార్చి ఇంకో రెండు తీయండి. అయినా తేలకపోతే పల్చటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. పొట్టతో పాటు భుజం, మడమ (అడుగుకు కాస్త పైనుండే అంచు), అడుగు, మూతి అంచు కూడా చూడండి. గాజు కార్ఖానా గుర్తులు ఎక్కువగా అడుగునో మడమ దగ్గరో చిన్న అక్షరాల్లో దాక్కుంటాయి.

చదివినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తప్పనిపించిన అక్షరాన్ని మీరు దిద్దకండి. సీసా పోసే అచ్చు చెక్కినవాడికి తెలుగు గానీ ఉర్దూ గానీ వచ్చి ఉండాలనేమీ లేదు, ఎవరో రాసిచ్చిన కాగితం చూసి బొమ్మలా చెక్కి ఉంటాడు. ఒత్తు జారిపోవడం, దీర్ఘం ఎగిరిపోవడం, అక్షరం తిరగబడటం మామూలే. ఆ తప్పే ఒక్కోసారి గొప్ప ఆధారం అవుతుంది. ఒకే తప్పుతో రెండు సీసాలు దొరికితే అవి ఒకే అచ్చులోంచి వచ్చాయని చెప్పవచ్చు.

అడుగున ఉండే 4, 12, 27 వంటి అంకెలు సంవత్సరాలు కావు. అవి చాలావరకు అచ్చు సంఖ్యలు. "27 అంటే 1927" అని బేరం పెట్టేవాళ్లు దొరుకుతారు. నవ్వి ఊరుకోండి.

ఆకారం చెప్పే కాలం

గోలీ సీసాకు తండ్రి హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు. 1838లో పుట్టి 1887లో పోయాడు. గోలీతో మూతపడే సీసాకు 1870లో తొలి హక్కు పొంది, 1872లో దాన్ని మెరుగుపరిచాడు. తరువాత బార్న్‌స్లీ పట్టణంలోని గాజు వ్యాపారి బెన్ రైలాండ్స్‌తో కలిశాడు. బెన్ తరువాత ఆయన కొడుకు డాన్ రైలాండ్స్ ఆ వ్యాపారాన్ని పెద్దది చేశాడు. కాబట్టి మీ సీసా మీద ఇంగ్లిషులో కాడ్, రైలాండ్స్, బార్న్‌స్లీ అనే మాటలు కనిపిస్తే అది ఇంగ్లండు సరుకు. "పేటెంట్" అనే ఒక్క మాట కాలాన్ని తేల్చదు. అప్పట్లో బ్రిటన్‌లో హక్కు గడువు 14 ఏళ్లే. 1880ల రెండో సగం నుంచి ఎవరైనా ఆ ఆకారం పోసుకోగలిగారు, పాత అచ్చు మీది మాటను అలాగే ఉంచేసినవాళ్లూ ఉన్నారు.

గోలీ లేని సీసా దొరికితే వేరే లెక్క. అడుగు గుండ్రంగా ఉండి నిలబెట్టలేని, పడుకోబెట్టాల్సిన కోడిగుడ్డు ఆకారపు సీసా గోలీ సీసా కన్నా పాత రకం. అది 19వ శతాబ్దం మొదట్లో వచ్చిన హామిల్టన్ పద్ధతి. ఇనుప మూత వంచి బిగించే రకమైతే 1892కి ముందుది కానే కాదు, ఎందుకంటే ఆ మూతకు అమెరికాలో విలియం పెయింటర్ హక్కు పొందింది ఆ ఏడాదే. మన జిల్లాల్లో దొరికే ఇనుప మూత సీసాలు అంతకు చాలా కాలం తరువాతివే.

పాత గాజుకు చెప్పే సాధారణ సూత్రం ఒకటుంది. అచ్చు రెండు చెక్కలు కలిసే చోట గాజు మీద పడే సన్నని గీత మూతి పైదాకా పోతే యంత్రం చేసిన సీసా, మెడ దగ్గరే ఆగిపోతే చేత్తో ముగించిన పాత సీసా అని. సీసాలు పోసే పూర్తి యంత్రాన్ని అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో తెచ్చాడు కాబట్టి ఆ గీతను బట్టి కాలం కడతారు. మామూలు సీసాలకు ఇది సరే. గోలీ సీసా విషయంలో మాత్రం ఈ సూత్రం పనిచేయదు. గోలీని లోపల వేశాక గానీ మూతిని ముగించడం, లోపల రబ్బరు గాడి తిప్పడం కుదరదు. అందువల్ల యంత్రాల కాలంలోనూ గోలీ సీసా మూతికి మనిషి చెయ్యి తగలాల్సి వచ్చింది. భారతదేశంలో చేత్తో ముగించే పద్ధతి చాలాకాలం సాగింది. కాబట్టి గీత మెడ దగ్గర ఆగిందని "వందేళ్ల సీసా" అని చాటింపు వేయకండి.

గాజులోని బుడగలూ అంతే, అవి వయసుకు సాక్ష్యం కావు. నీలి ఆకుపచ్చ రంగు ఇసుకలోని ఇనుము వల్ల వస్తుంది, అది ఏ కాలంలోనైనా వస్తుంది. నిజంగా చూడాల్సింది అరుగుదల. చెక్కపెట్టెలో పక్క సీసాలతో రాసుకుని భుజం చుట్టూ, పొట్ట చుట్టూ గరుకు పట్టీ ఏర్పడి ఉంటుంది, అడుగు అంచు మసకబారి ఉంటుంది. పేరు ఉబ్బెత్తుగా ఉన్నా ఎక్కడా గీత లేకుండా మెరిసిపోతుంటే అనుమానించండి. ఉత్తరప్రదేశ్‌లోని సాస్నీలో ఖండేల్వాల్ గ్లాస్ వర్క్స్ గోలీ సీసాలు చేయడంలో చాలాకాలంగా పేరున్న కార్ఖానా. అక్కడివి కొత్తవి కొని మట్టిలో పొర్లించి పాతవిగా అమ్మడం పెద్ద విద్యేమీ కాదు.

ఊరి పేరు, జిల్లా పేరు, రాజ్యం పేరు

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. దక్షిణ తెలంగాణ సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి. ఆ మార్పులన్నీ సీసా మీది చిరునామాలో దొరుకుతాయి.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో వచ్చింది. సీసా మీద మహబూబ్‌నగర్ అని ఉంటే అంతకు ముందుది కాదు. పాలమూరు అని ఉంటే మాత్రం ఏమీ తేలదు, ఆ మాటను జనం ఈనాటికీ వాడుతున్నారు.

గద్వాల, అలంపురం తాలూకాలు 1956 నవంబరు 1 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. "గద్వాల, రాయచూరు జిల్లా" అనే చిరునామా కనిపిస్తే 1956కు ముందుదని ధైర్యంగా అనుకోవచ్చు. మునగాల పరగణా ఇంకా వింత. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో అది మాత్రం మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే నల్లగొండలో కలిసింది. మునగాల సీసాకు మూలం వెతకాలంటే హైదరాబాద్ కన్నా ముందు బెజవాడ, మద్రాసు వైపు చూడాలి.

రాజ్యం పేరు కూడా చూడండి. నిజాం పేరుకు ముందు ఇంగ్లిషులో హెచ్.ఇ.హెచ్. (హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్) అని మూడు పొడి అక్షరాలుంటే 1918 తరువాతిది, ఆ బిరుదు ఏడో నిజాంకు ఆ ఏడాదే వచ్చింది. ఎ.పి. అని ఉంటే 1956 నుంచి 2014 మధ్యది. "సూర్యాపేట జిల్లా", "వనపర్తి జిల్లా" అని ఉంటే 2016 అక్టోబరు తరువాతిది, అంటే అది పాత సీసా వేషం వేసిన కొత్త సీసా. నారాయణపేట జిల్లా అయితే 2019లో గానీ పుట్టలేదు.

ఉర్దూ అక్షరాలున్నాయని కంగారు పడకండి. నిజాం రాజ్యంలో పరిపాలన భాష ఉర్దూ, వ్యాపారం బోర్డులూ ఉర్దూలోనే ఎక్కువ. చదవగలిగిన పెద్దమనిషి మీ ఊళ్లోనే ఎవరో ఒకరు ఉంటారు. ఫొటో పంపకుండా సీసానే చేతికివ్వండి. వేలితో తడిమి చదవడం కంటితో చదవడం కన్నా తేలిక.

సీసాతో పాటు చెక్కపెట్టెగానీ, రేకు బోర్డుగానీ, బిల్లుపుస్తకంగానీ దొరికితే పంట పండినట్టే. వాటి మీద తేదీలుంటాయి. పాత హైదరాబాద్ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటుంది, దానికి సుమారు 590 కలపండి. ఫసలీ 1345 అంటే 1935 అక్టోబరు నుంచి 1936 అక్టోబరు దాకా అన్నమాట. అజూర్, దై, బహ్మన్ అని నెలల పేర్లు కనిపిస్తే అది ఫసలీ లెక్కే. ధర "హాలీ" అని ఉంటే నిజాం సొంత రూపాయి. అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందు, నయాపైసల్లో ఉంటే ఆ తరువాత. పరిమాణం ఔన్సుల్లో కాకుండా మిల్లీలీటర్లలో ఉంటే 1960లకు ఇటువైపు, ఎందుకంటే మెట్రిక్ కొలతలు దేశమంతటా 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది.

ఏ దేశపు గాజు

దేశం పేరు ఉంటే మీ అదృష్టం. విదేశీ సరుకు మీద తప్పుడు దేశం పేరు వేయకుండా 1889లో బ్రిటిష్ ఇండియా చట్టం తెచ్చింది. అప్పటి నుంచి దిగుమతి వస్తువుల మీద మూలం రాయడం పెరిగింది. జర్మనీ సరుకు 1914 యుద్ధంతో ఆగింది, ఆ ఖాళీలోకి జపాన్ గాజు దూసుకొచ్చింది. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగాక అదీ ఆగింది. కాబట్టి జపాన్ పేరున్న సీసాను 1914, 1941ల మధ్య పెట్టి వెతకడం మొదలుపెట్టవచ్చు.

ఊహకు ఒక సీసా తీసుకుందాం. పొట్ట మీద ఇంగ్లిషులో మూడు పొడి అక్షరాలు, "అండ్ సన్స్, గద్వాల" అని ఉంది. మడమ దగ్గర జపాన్ అని చిన్న అక్షరాలు. జిల్లా పేరు లేదు. గాజు జపాన్‌ది, నింపింది గద్వాల వ్యాపారి, కాలం రెండు యుద్ధాల మధ్య అని ముందు రాసుకుంటాం. తరువాత సరుకు ఎలా వచ్చిందో చూస్తాం. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు మీటర్ గేజ్ రైలు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే నడిచింది. గాజు బరువైన, పగిలే సరుకు, దానికి రైలే దారి. గద్వాల సంస్థానం కూడా కాబట్టి కోట అవసరాలకు సోడా సరఫరా చేసిన వ్యాపారి అయి ఉండవచ్చని ఒక ఊహ వస్తుంది. ఆ ఊహ పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి. సంస్థానం కాగితాల్లో పేరు దొరికిన రోజే దాన్ని తుడిచేయండి.

నల్లగొండకు ఈ తర్కం వర్తించదు. ఆ పట్టణానికి రైలు 20వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. సరుకు భువనగిరి స్టేషన్‌లో దిగి బండ్ల మీద రావాలి, లేదా నేరుగా హైదరాబాద్ నుంచి రోడ్డు మీద రావాలి. అందుకే నల్లగొండ వైపు సికింద్రాబాద్ కంటోన్మెంట్ సీసాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. బ్రిటిష్ పటాలాలు సొంత సోడా కార్ఖానాలు నడుపుకునేవి, సీసాల మీద పటాలం పేరు వేయించుకునేవి. అలాంటి పేరున్న సీసా దేవరకొండలో దొరికిందంటే దేవరకొండలో పటాలం ఉందని కాదు, పాత సీసాలు చేతులు మారి వచ్చాయని.

మనుషులను అడగడం

సీసా చెప్పగలిగింది ఇంతవరకే. నింపినవాడి కుటుంబం దొరికితే కథ మొత్తం మారుతుంది.

ఊళ్లో పాత బస్టాండు, పాత సినిమా హాలు, అంగడి జరిగే చోటు, ఈ మూడింటి చుట్టూ తిరగండి. సోడా కొట్లు అక్కడే ఉండేవి. జాతరలనూ మర్చిపోవద్దు. కురుమూర్తి జాతర, దురాజ్‌పల్లి పెద్దగట్టు, చెర్వుగట్టు, మన్యంకొండ వంటి చోట్లకు సోడా బండ్లు వెళ్లేవి, అక్కడ కొట్టు పెట్టే కుటుంబాలు తరతరాలుగా అవే. సీసా జాతర దగ్గరి పొలంలో దొరికితే అది ఆ ఊరిది కాకపోవచ్చని కూడా దీన్నిబట్టి అనుకోవాలి.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు సీసా చేతికిచ్చి కూర్చోండి. "తాతా, ఇది ఏ సంవత్సరంది?" అని అడిగితే నోటికొచ్చిన సంఖ్య వస్తుంది. చేతిపని గురించి అడగండి. గ్యాసు సిలిండర్ ఎక్కడి నుంచి తెచ్చేవారు? వాషర్లు ఎవరు అమ్మేవారు? మిషన్ చక్రం ఎవరు తిప్పేవారు? సీసా పోతే ఎంత కట్టించుకునేవారు? పక్క కొట్టు సీసా మీ దగ్గరికి వస్తే ఏం చేసేవారు? ఈ చివరి ప్రశ్నకు నవ్వుతూ చెప్పే జవాబుల్లోనే పోటీ కొట్ల పేర్లన్నీ బయటపడతాయి. కాలం తేల్చాలంటే వాళ్లకు తెలిసిన సంఘటనలతో ముడిపెట్టండి: రజాకార్ల రోజులకు ముందా తరువాతా, 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి కొట్టు ఉందా, నాగార్జునసాగర్ పని జరుగుతున్నప్పుడు కూలీలకు సోడాలు వెళ్లేవా (సాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు 10), 1969 ఉద్యమంలో కొట్టు మూసేశారా. ముస్లిం కుటుంబమైతే "నానా" అనో "చాచా" అనో పిలిచి కూర్చోండి, "సార్" అంటే మాట బిగుసుకుపోతుంది.

చెప్పినవాళ్ల అనుమతి లేకుండా రికార్డు చేయకండి. ఒకరు చెప్పింది ఇంకొకరితో పోల్చి చూడండి. అన్నదమ్ములు వేరుపడ్డ కుటుంబాల్లో "మొదలుపెట్టింది మా నాయనే" అని రెండు ఇళ్లలోనూ వింటారు. రెండూ రాసుకోండి, తీర్పు మీరు చెప్పకండి.

కృష్ణా ఒడ్డున శ్రీశైలం, సాగర్ నీళ్లలో మునిగిన ఊళ్ల పేర్లు సీసాల మీద, బిల్లుల మీద దొరకవచ్చు. ఆ ఊరివాళ్లు ఏ పునరావాస గ్రామానికి, ఏ పట్టణానికి వెళ్లారో ముందు తెలుసుకుంటేనే ఆ దారి సాగుతుంది.

కాగితాల్లో వెతకడం

పేరు, ఊరు, సుమారు కాలం చేతిలో ఉన్నాకే గ్రంథాలయానికి వెళ్లండి. అవి లేకుండా వెళ్తే రోజంతా పోతుంది.

పాత పత్రికల ప్రకటనలు మొదటి చోటు. నల్లగొండ నుంచి 1922లో నీలగిరి పత్రిక వచ్చింది. పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రికను 1926లో మొదలుపెట్టారు. వార్తలు వదిలేసి ప్రకటనల పేజీలే తిప్పండి. ఎండాకాలం సంచికలు ముందు చూడండి, సోడా ప్రకటన డిసెంబరులో ఎవరు వేస్తారు? ఉర్దూ పత్రికల కోసం హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, అక్కడి ఉర్దూ సేకరణ పెద్దది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైంది, పాత సంచికలకు అదీ మంచి చోటు.

ప్రభుత్వ దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. నిజాం కాలపు దస్త్రాలు చాలావరకు పర్షియన్, ఉర్దూల్లో ఉంటాయి, తోడుగా చదివేవాళ్లను తీసుకెళ్లాలి. నిజాం రాజ్యంలో బయటి సరుకుకు సుంకం వసూలు చేసిన శాఖ పేరు కరోడ్‌గిరి. గాజు దిగుమతుల గురించి అడిగేటప్పుడు ఆ పేరు చెబితే గుమాస్తాకు మీరేం వెతుకుతున్నారో వెంటనే తెలుస్తుంది.

స్వాతంత్ర్యం తరువాతి కొట్టయితే పని తేలిక. భాగస్వామ్య సంస్థగా నమోదై ఉంటే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో వివరాలుంటాయి. 1978 తరువాత చిన్న పరిశ్రమగా నమోదు చేసుకుని ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. సీసా మీద గుర్తు, దాని పక్కన "రిజిస్టర్డ్" అని ఉంటే ట్రేడ్ మార్కు వెతకండి. సోడాలు, చల్లని పానీయాలు ఇప్పుడు 32వ తరగతి కిందికి వస్తాయి. ట్రేడ్ మార్కుల శాఖ వెబ్‌సైటులో ఆ తరగతి పెట్టి పేరు కొడితే చాలా పాతవి కూడా తేలుతాయి. తీపి సోడా అయితే 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు కింద అప్పట్లో ఇచ్చిన ఎఫ్.పి.ఒ. లైసెన్సు సంఖ్య చీటీ మీద ఉండవచ్చు, దాన్ని వదిలిపెట్టకండి.

దేనికీ దొరకని కొట్లే ఎక్కువ. ఒక మనిషి, ఒక మిషన్, కొన్ని పెట్టెల సీసాలు, పక్కింటి నూతినీళ్లు, అంతే వ్యాపారం. వాటికి ప్రభుత్వ కాగితం పుట్టనే లేదు. అలాంటప్పుడు ఆ వీధిలోని కిరాణా కొట్టు పాత ఖాతాపుస్తకం అభిలేఖాగారం కన్నా ఎక్కువ చెబుతుంది. పెళ్లిళ్లకు సోడాలు అరువు తెచ్చిన పద్దులు వాటిలో ఉంటాయి.

రాసి పెట్టుకోవడం, చట్టం సంగతి

ప్రతి సీసాకూ ఒక కాగితం పెట్టండి. దొరికిన చోటు, లోతు, తేదీ, ఎవరిచ్చారు, ఎత్తు, బరువు, గోలీ రంగు, అక్షరాలు ఉన్నది ఉన్నట్టు. దాని కింద గాజు ఎవరిది, నింపింది ఎవరు, కాలం ఎప్పటిది అని మూడు గడులు గీసి, ప్రతి గడిలో మీకు ఆ సంగతి ఎలా తెలిసిందో కూడా రాయండి. "ఫలానా ఇంటి పెద్ద చెప్పారు" అన్నదీ "మడమ మీద రాసి ఉంది" అన్నదీ ఒకే బరువున్న సాక్ష్యాలు కావు. సంఖ్యను సీసా మీద రంగుతో రాయకండి, దారంతో చీటీ కట్టండి.

సీసాల కోసం పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర తవ్వకండి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేని తవ్వకం నేరం. నేలలో దాగిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని చెప్పే 1878 నాటి చట్టం ఒకటుంది, ఆ విలువ హద్దు పది రూపాయలు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా వాటిని దేశం దాటించకూడదు. మీ సీసా వందేళ్లు దాటిందని మీ పరిశోధనే తేల్చితే, విదేశీ కొనుగోలుదారుడికి పార్సిలు కట్టే ముందు ఆ చట్టం తెలిసిన వకీలును ఒకసారి కలవండి.

కొట్టు నడిపిన కుటుంబం దొరికి, వాళ్ల దగ్గర ఒక్క సీసా కూడా మిగలలేదని తెలిస్తే, ఫొటోలు, కొలతలు తీసుకున్నాక మీ దగ్గరున్న రెండింటిలో ఒకటి వాళ్లకివ్వండి. మీ కాగితం నకలు కూడా ఇవ్వండి. సాధారణంగా ఆ తరువాతే ఇనుప పెట్టె తెరిచి బిల్లుపుస్తకం చూపిస్తారు.